ఊరు పేరు లేని నాణెం

ఒక వైపు రెండు తెరచాప కొయ్యలున్న ఓడ, రెండో వైపు ఉజ్జయినీ చిహ్నం. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో శాతవాహన రాజు వాసిష్ఠీపుత్ర పులుమావి పేరుతో వెలువడిన సీసపు నాణెం అది. మన కోస్తా తీరంలో దొరికే రకం. లండన్‌లో నాణేల సంతకు వెళ్లినప్పుడల్లా నా కళ్లు ముందు దానికోసమే వెతుకుతాయి. ఎక్కడైనా కనిపిస్తే పక్కనున్న చీటీ మీద రాజు పేరు, లోహం, బరువు, ధర ఉంటాయి. దొరికిన చోటు మాత్రం ‘దక్షిణ భారతం’ అని ఉంటుంది. ధరణికోటా, చినగంజామా, మరే ఊరి చేనా అని అడిగితే, ఒక పాత సేకరణ నుంచి కొన్నానని డీలరు మర్యాదగా చెబుతాడు. అంతకు మించి అతనికీ తెలియదు.

మాది నరసరావుపేట వైపు పల్లె, పత్తీ మిర్చీ పండే నల్లరేగడి. లంకె బిందెల కథలు వింటూ పెరిగాం. మా పక్కనే వినుకొండలో 1889లో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. తిబెరియస్ నుంచి కరకల్లా దాకా, దాదాపు రెండు వందల ఏళ్ల చక్రవర్తుల ముద్రలు వాటి మీద ఉన్నాయి. మన కృష్ణా తీరాన్ని గ్రీకులు మసాలియా అన్నారు. అక్కడ సన్నని నూలు బట్టలు విరివిగా తయారవుతాయని ఆనాటి గ్రీకు నావికుడొకడు ‘పెరిప్లస్’లో రాశాడు. రోము సొమ్ము ఏటేటా ఇండియాకు తరలిపోతోందని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. ఈ మాటలకు మన పల్నాడులో సాక్ష్యం దొరికింది. అది సాక్ష్యమైంది బంగారం వల్ల కాదు, ‘వినుకొండ’ అన్న పేరు వల్ల. అవే నాణేలు పేరు లేకుండా అంగడికి చేరి ఉంటే, ఇటలీలో దొరికినవాటితో కలిసిపోయేవి. మన చరిత్రకు వాటితో ఏ సంబంధమూ మిగిలేది కాదు.

1845లో అమరావతి స్తూపాన్ని తవ్వించిన వాల్టర్ ఇలియట్‌కు నాణేల పిచ్చి కూడా ఉండేది. దక్షిణ భారత నాణేల మీద ఆయన పుస్తకం 1880ల్లో వచ్చింది. ఆయన సేకరించిన నాణేలు కొన్ని బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. 1908లో నాణేల పండితుడు రాప్సన్ అక్కడి శాతవాహన నాణేలకు జాబితా తయారుచేసి, ఆంధ్రదేశానివి, కోరమండల్ తీరానివి అని విడదీశాడు. ఏ నాణెం ఎక్కడిదో అంతకుముందు ఎవరో రాసిపెట్టబట్టే ఆ పని సాధ్యమైంది.

మరి ఇవాళ చేలో నాణెం దొరికితే మన రైతు ఎందుకు చెప్పడు? ఊరెళ్లినప్పుడు మామయ్యను ఇదే అడిగాను. “చెబితే కొలతలూ, తవ్వకాలూ, వాయిదాలూ. మిర్చి కోతలప్పుడు ఆఫీసుల చుట్టూ ఎవడు తిరుగుతాడు అల్లుడూ?” అన్నాడు. ఆయన భయంలో న్యాయముంది. నిధుల మీద మనకింకా 1878 నాటి చట్టమే దిక్కు. పది రూపాయల విలువ మించినదేది భూమిలో దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి. హక్కుదారులెవరూ లేరని తేలితే కనుగొన్నవాడికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు. అంతవరకు బాగానే ఉంది. కానీ ప్రభుత్వమే తీసుకోదలిస్తే 16వ సెక్షన్ ప్రకారం కట్టేది లోహం విలువ, దాని మీద ఐదో వంతు. అంటే పులుమావి ఓడకు సీసం ధర! మధ్యదళారి దానికి ఎన్నో రెట్లు ఎక్కువ ఇస్తాడు, ఊరు పేరు అడగడు. నాణెం మెరవాలని ఇంట్లో చింతపండుతో తోమితే పైపొర పోయి సేకర్తల దగ్గర విలువ పడిపోతుంది. దళారికి అమ్మితే ఊరు పోయి చరిత్ర పడిపోతుంది.

నేనుంటున్న దేశంలో 1996 నాటి నిధుల చట్టం దీన్ని మరోలా చూసింది. నిధి కిందికి వచ్చేది దొరికితే పద్నాలుగు రోజుల్లో చెప్పాలి. మ్యూజియం కావాలనుకుంటే స్వతంత్ర కమిటీ బజారు ధర నిర్ణయిస్తుంది, మ్యూజియం కట్టే ఆ సొమ్మును కనుగొన్నవాడూ భూమి యజమానీ పంచుకుంటారు. నిధి కిందికి రాని ఒంటరి నాణేన్ని కూడా స్థానిక అధికారికి చూపించి, చోటు నమోదు చేయించి, మళ్లీ ఇంటికి తెచ్చుకోవచ్చు. ఇలా పది లక్షలకు పైగా వస్తువులు నమోదయ్యాయి. ఇక్కడి రైతు మన రైతుకన్నా నిజాయితీపరుడేమీ కాదు. చెప్పినవాడు నష్టపోకుండా చట్టం చూసింది, అంతే.

ప్రవాసులం మనం చేయాల్సినవీ ఉన్నాయి. 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. తాతగారి పెట్టెలోని విక్టోరియా రూపాయి అయినా సరే, సూట్‌కేసులో వేసుకోవద్దు. ఇక్కడ సంతల్లో కొనేటప్పుడు, అది ఎప్పుడు ఇండియా దాటిందో, ఎవరి చేతులు మారిందో కాగితం అడగండి. కాగితం లేకపోతే కొనవద్దు. కొనేవాళ్లు అడగనంతకాలం అమ్మేవాళ్లు రాసిపెట్టరు.

అసలు మార్పు మాత్రం అమరావతిలోనే రావాలి. రాజ్యాంగం నిధుల విషయాన్ని రాష్ట్రాల జాబితాలో పెట్టింది కాబట్టి మన అసెంబ్లీకి ఆ అధికారం ఉంది. మన సంఘాల సభలకు మంత్రులూ ఎమ్మెల్యేలూ వస్తూనే ఉంటారు. ఈసారి వేదిక మీద శాలువా కప్పాక వాళ్లను రెండు కోరికలు కోరుదాం: లోహం విలువ బదులు బజారు ధర కట్టండి, చేను సర్వే నంబరుతో సహా నమోదు చేసే మనిషిని జిల్లాకొకరిని పెట్టండి. రైతుకు న్యాయమైన వెల ముడితే ఊరు పేరు ఆయనే చెబుతాడు.