బాకీ లేదను చీటీ



మీ సంఘములోనుండి ఎవరైనను వేదాంత కళాశాలకు వెళ్లి చదువుచున్నారా? అట్లయిన ఆ బిడ్డ ఎప్పుడు పట్టము పుచ్చుకొని తిరిగి వచ్చునా యని మీరు ఎదురుచూచుచునే యుందురు. పరీక్షలు వ్రాసి గెలిచినచో పట్టము వచ్చునని మా ఊరివారు తలంచిరి. నేనును అట్లే తలంచితిని. అది మాత్రమే చాలదని నేను నేర్చుకొనిన విధము సిగ్గుపడవలసినదైనను, నేడు మీకు చెప్పగోరుచున్నాను. నేనిప్పుడు పరిచర్యనుండి విశ్రాంతి పొందిన ముసలివాడను. ఇక దాచుకొనుటకు నాకు కారణమేమియు లేదు.

మొదట ఈ పట్టమును ఇచ్చువారెవరో తెలిసికొనుడి. కలకత్తాకు ఎగువన హుగ్లీ నది ఒడ్డున శ్రీరాంపూరు అను పట్టణమున్నది. పూర్వము అది డెన్మార్కు రాజు పాలనలో నుండెను. కుంపిణీవారు తమ సీమలో మిషనెరీలకు చోటియ్యని దినములలో, 1800వ సంవత్సరమున విలియం కేరీగారు అక్కడ చేరి, మార్ష్‌మన్‌గారితోను వార్డుగారితోను కలిసి పనిచేసిరి. ఈ ముగ్గురును 1818లో అక్కడ కళాశాలను స్థాపించిరి. 1827లో డెన్మార్కు రాజైన ఆరవ ఫ్రెడరికు దానికి పట్టములిచ్చు అధికారమును శాసన పత్రముద్వారా దయచేసెను. 1845లో ఆ పట్టణము ఇంగ్లీషువారి చేతికి వచ్చినప్పుడును ఆ హక్కు నిలిచియుండెను. అయితే అది బహుకాలము వాడుకలోనికి రాలేదు. మొదటి బి.డి. పట్టములు 1915లోనే ఇయ్యబడెను. తరువాత 1918లో బెంగాలులో చేయబడిన చట్టముచేత సెనేటు అను సభ ఏర్పడెను. నేడు మన దేశములో వేర్వేరు సంఘశాఖలకు చెందిన అనేక కళాశాలలు ఆ సెనేటునకు చేరియున్నవి. 1964లో రాజమండ్రిలో ప్రారంభమై 1973లో హైదరాబాదునకు మారిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలయు వాటిలో ఒకటి. నేను చదివిన కళాశాల పేరు మాత్రము చెప్పను. తప్పు నాదే గాని దానిది కాదు.

ఆ పట్టము పొందుటకు విద్యార్థి దాటవలసిన మెట్లు అనేకములు. అతడు తన సంఘముచేత సిఫారసు చేయబడవలెను. సెనేటులో తన పేరు నమోదు చేయించుకొని ఒక సంఖ్యను పొందవలెను. పాత నిబంధన, క్రొత్త నిబంధన, సంఘచరిత్ర, సిద్ధాంతము, నీతిశాస్త్రము, ఇతర మతముల అధ్యయనము, ప్రసంగవిద్య, కాపరి పని, ఇవన్నియు చదువవలెను. మా దినములలో గ్రీకు అక్షరములతో కుస్తీపట్టి రాత్రులు గడిపినవారు అనేకులు. శని ఆదివారములలో పేటలకును పల్లెలకును పోయి పరిచర్య చేయవలెను. అదియు చదువులో భాగమే. సెనేటు పరీక్షకు ప్రశ్నపత్రములు ముద్రవేసిన కవరులలో వచ్చును. జవాబుల మీద పేరు వ్రాయక సంఖ్య మాత్రమే వ్రాయవలెను. తప్పిన పత్రమును మరల వ్రాసి గెలువవలెను. అటుతరువాత స్నాతకోత్సవమునకు దరఖాస్తును రుసుమును పంపవలెను. ఆ ఉత్సవము ఏటేటా జరుగును. అక్కడికి వెళ్లి గౌను తొడిగికొని పెద్దల చేతిమీదుగా పట్టము పుచ్చుకొనవచ్చును. వెళ్లలేనివారికి గైర్హాజరులోనే పట్టమిచ్చి, ఆ పత్రమును తరువాత పంపుదురు. కళాశాలలో కాపురముండక ఇంటియొద్దనే చదువుకొని పరీక్ష వ్రాయు విశ్వాసులకును ఈ సెనేటు డిప్లొమాను పట్టమును ఇచ్చుచున్నది. మీలో చదువుకొనిన ఉపాధ్యాయులు, గుమాస్తాలు ఈ సంగతిని గమనింపుడి.

వీటన్నిటి నడుమ చిన్న మెట్టు ఒకటి యున్నది. చదువు ముగించి కళాశాల విడిచిపెట్టునప్పుడు విద్యార్థి ఒక చీటీ పుచ్చుకొని వార్డెనుగారి యొద్దకు, భోజనశాల లెక్కలు చూచువారి యొద్దకు, గ్రంథాలయాధికారి యొద్దకు, ఆఫీసునకు తిరిగి, తనకు ఎక్కడను బాకీ లేదని ఒక్కొక్కరిచేత సంతకము చేయించుకొనవలెను. ఆ చీటీ లేనిది మార్కుల పత్రము చేతికి రాదు. నేను తొట్రుపడినది ఆ చిన్న మెట్టు మీదనే.

మా నాన్న ఒక ఆసామి యొద్ద పాలేరు. తాతగారి పెండ్లినాటి అప్పు వడ్డీతో పెరిగి నాన్న మెడకు తగులుకొనెను. మా సంఘములో నన్ను చదివింపగల ధనవంతులు లేరు. స్త్రీలు అన్నము వండుకొనునప్పుడెల్ల పిడికెడు బియ్యము తీసి ప్రక్కన పెట్టి, ఆదివారము గుడికి తెచ్చి కుండలో పోయుచుండిరి. ఆ బియ్యము అమ్మిన డబ్బుతో నా ఫీజులు కట్టబడెను. ఆకలిగా నున్న దినమునకూడ ఆ పిడికెడు తీయుట మానని తల్లులను నేనెరుగుదును. మా అమ్మయు వారిలో ఒకతె.

1977వ సంవత్సరము మార్చి నెలలో నేను చివరి పరీక్షలు వ్రాయవలసి యుండెను. ప్రవక్తలనుగూర్చిన ఇంగ్లీషు వ్యాఖ్యానము ఒకటి గ్రంథాలయములో నుండెను. ఒకటే ప్రతి. దానిని బయటికి ఇచ్చువారు కారు. ఆమోసు గ్రంథమునుగూర్చిన భాగము నాకు మిక్కిలి అవసరమాయెను. ఒక మధ్యాహ్నము ఎవరును లేని వేళ, గడ్డము గీసికొను బ్లేడుతో పదకొండు ఆకులు కోసి చొక్కా లోపల దాచుకొంటిని. తప్పు తూకములు తూచి బీదలను మోసగించువారిని గద్దించిన ప్రవక్త పుస్తకము అది! ఆ సంగతి నాకు అప్పుడు తోచనే లేదు. రెండు దినములైన తరువాత నా తోటి విద్యార్థి యొకడు పుటలు పోయినవని చెప్పుకొని బాధపడుచుండగా, నేనును వానితోకూడ అయ్యో అంటిని.

పరీక్షలు ముగిసినవి. చీటీ పుచ్చుకొని గ్రంథాలయమునకు వెళ్లితిని. అక్కడి అధికారి వయసు మళ్లిన మెత్తనివారు. "మా పుస్తకాలేవీ నీ దగ్గర లేవు కదా బాబూ?" అని అడిగిరి. "లేవండి" అంటిని. పుస్తకము లేదనుట నిజమే. ఆకులున్నవని నేను చెప్పలేదు. ఆయన నా ముఖము చూచి నమ్మి సంతకము చేసిరి.

ఫలితములు వచ్చినవి, గెలిచితిని. మరుసటి ఏడు స్నాతకోత్సవమునకు రమ్మని ఉత్తరము వచ్చెను. సంఘపెద్దలు బియ్యపు డబ్బులోనుండి రైలు ఛార్జీలకును గౌను అద్దెకును నూట నలువది రూపాయలు నా చేతిలో పెట్టిరి. గౌనుతో ఫోటో తీయించుకొని రావలెననియు, దానిని గుడిలో వ్రేలాడదీతుమనియు చెప్పిరి.

బయలుదేరుటకు ముందు రాత్రి నా కాగితములు సర్దుకొనుచుండగా నాన్న లాంతరు దగ్గర కూర్చుండి ఒక్కొక్కటి చేతిలోనికి తీసికొని చూచుచుండెను. ఆయనకు చదువు రాదు. ఆ చీటీని పట్టుకొని, "ఇదేంటబ్బాయ్, ఇన్ని సంతకాలున్నాయి?" అనెను.

"నేను ఎవరికీ ఏమీ బాకీ లేనని రాసిచ్చారు నాన్నా" అంటిని.

ఆయన కొంతసేపు మాటలాడలేదు. తరువాత ఆ చీటీని రెండు కన్నులకు అద్దుకొని, "మన ఇంట్లో ఇట్టాంటి కాయితం ఎవరూ ఎరగరు అబ్బాయ్" అనెను.

చదువరీ, వెట్టిచాకిరిని రద్దుచేయు చట్టము మన దేశములో 1976లో వచ్చెను. అయినను ఆసామి పెట్టెలోనున్న నాన్న వేలిముద్ర పత్రము ఏమైనదో మాకెవరికిని తెలియదు. బ్రతుకంతయు అప్పు పత్రమునకు భయపడిన మనుష్యుడు నా అబద్ధపు చీటీని కన్నులకు అద్దుకొనెను. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. తెల్లవారకముందే లేచి, పెట్టె అడుగున దాచిన పదకొండు ఆకులను తీసి సంచిలో పెట్టుకొంటిని.

నేరుగా స్నాతకోత్సవమునకు పోక మొదట కళాశాలకు వెళ్లితిని. గ్రంథాలయాధికారి బల్లమీద ఆ ఆకులుంచి, జరిగినదంతయు చెప్పితిని. ఆయన కోపపడలేదు. లేచి వెళ్లి ఆ పుస్తకము తెచ్చి తెరచిరి. కోసిన చోట ఒక కాగితపు ముక్క యుండెను. ఇరువది రెండు పుటలు లేవని దానిమీద వ్రాయబడియుండెను. ఆ పుటలకొరకు వచ్చి వట్టిచేతులతో తిరిగిపోయిన ముగ్గురు విద్యార్థుల పేర్లును దాని క్రింద నుండెను.

"కేరీగారి సంగతి చదువుకున్నావు కదా" అని ఆయన మెల్లగా అనిరి. "1812లో శ్రీరాంపూరు అచ్చుకూటం కాలిపోయింది. ఆయన రాసుకున్న తెలుగు వ్యాకరణం కూడా ఆ మంటల్లో పోయింది. ఆయన మళ్లీ మొదటినుంచి కూర్చుని రాశాడు. 1814లో అచ్చువేశాడు. మన భాష కోసం పరాయి దేశస్థుడు పోయిన ఆకుల్ని మళ్లీ రాశాడు బాబూ."

ఇంతకంటె ఆయన నన్ను గద్దింపలేదు. నియమము ప్రకారము పుస్తకపు వెల నూట పది రూపాయలు కట్టవలెననియు, ఉత్సవమునకు వెళ్లివచ్చిన తరువాత కట్టవచ్చుననియు చెప్పిరి. నేను ఆలోచించితిని. వెళ్లివచ్చిన తరువాత నా చేతిలో డబ్బుండదు. డబ్బు లేనప్పుడు మనస్సుకూడ మెల్లగా మారునని నన్ను నేనెరుగుదును. అప్పుడే నూట పది రూపాయలు లెక్కపెట్టి యిచ్చితిని. ఆయన పాత సంతకమును కొట్టివేసి, దాని ప్రక్కన ఆ దినపు తేదీ వేసి మరల సంతకము చేసిరి. తరువాత మేమిద్దరము కూర్చుండి సన్నని కాగితపు పట్టీలతోను పిండిజిగురుతోను ఆ ఆకులను అతికితిమి. సాయంకాలమువరకు పట్టెను. మిగిలిన డబ్బు ఇంటికి తిరిగిపోవుటకే సరిపోయెను. నా పట్టము గైర్హాజరులో ఇయ్యబడెను.

ఇంటికి రాగానే పెద్దలు ఫోటో ఎక్కడ అని అడిగిరి. ఆదివారము గుడిలో నిలువబడి అంతయు చెప్పితిని. ఒక పెద్ద లేచి, "మా ఆడవాళ్ల బియ్యం డబ్బులు నీ జరిమానాకా?" అనెను. ఆ మాట న్యాయమైనది. నాకు జవాబు లేదు. మా అమ్మ తల వంచుకొని కూర్చుండెను. ఆ దినమున నాకు కలిగిన సిగ్గు పరీక్ష తప్పినవానికిని కలుగదు. బియ్యపు కుండ లెక్క చూచు ముసలమ్మ మాత్రము, "గౌను కోసం తీసిన బియ్యమా అది? పిల్లోడు మంచి పాదిరి కావాలని తీశాం. డబ్బు కట్టించుకోండి, పిల్లోణ్ణి వదలకండి" అనెను. నేను నెలకు పది రూపాయల చొప్పున నూట నలువదియు తిరిగి కట్టవలెనని తీర్మానమాయెను. పదునాలుగు నెలలు కట్టితిని. కడపటి నెలలో, నన్ను గద్దించిన ఆ పెద్దయే సంఘపు పుస్తకములో నా పేరుకు ఎదురుగా బాకీ లేదని వ్రాసి, పుస్తకమును మా నాన్నకు చూపించెను. నాన్న ఆ అక్షరములమీద వేలు పెట్టి, "ఇది నిజమైందేనా?" అని నన్నడిగెను. "నిజమైందే నాన్నా" అంటిని.

ప్రియులారా, మన పాపపు అప్పు మనము తీర్చలేనిది. దానిని ప్రభువు సిలువమీద తీర్చెను. ఇది సత్యము. అయితే మనము తీర్చగలిగిన అప్పులను ఎగవేయుటకు ఆ సత్యమును సాకుగా వాడుకొనరాదు. ప్రభువు తన ఇంటికి వచ్చిన దినముననే జక్కయ్య తాను అన్యాయముగా తీసికొనిన దానికి నాలుగంతలు తిరిగి ఇచ్చెదనని చెప్పెను గదా. క్షమాపణ పొందినందుననే అతని చేతులు తెరువబడెను.

మీ సంఘమునుండి వెళ్లిన బిడ్డ సెలవులకు వచ్చినప్పుడు ఎన్ని మార్కులు వచ్చినవని అడుగుడి. అది తప్పు కాదు. దానితోకూడ, ఎవరికైనను ఏమైనను బాకీ యున్నావా నాయనా యని ప్రేమతో అడుగుడి. మా నాన్న చదువురాని నోట అడిగిన ఆ ప్రశ్నను ఏ ప్రశ్నపత్రములోను నేను చూడలేదు. ఇది చదువుచున్న నీవును, నేడు పండుకొనకముందు నీ సంచి అడుగున దాచియున్న ఆకులేవైనను ఉన్నవేమో చూచుకొనుము. ఉన్నయెడల తెల్లవారగానే బయలుదేరుము. ప్రభువు నీకు తోడైయుండును గాక.