మనోళ్లేరి మామా?

సినిమాకి రెండో భాగం తీస్తున్నారనగానే మనందరికీ వొకటే అనుమానం. మొదటి దాంట్లో చెప్పలేక మిగిల్చిన కథా, లేక డబ్బులొచ్చాయి గదా అని లాగుతున్న సాగదీతా? సరిగ్గా ఇదే అనుమానం నాకు వొక కంప్యూటర్ ఆట మీద వచ్చింది. సినిమా పత్రికలో ఆటల గోలేమిటని విసుక్కోకండి. చివరిదాకా చదివితే ఇదీ సినిమా కథేనని మీరే వొప్పుకుంటారు.

ఆట పేరు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, రెండోది. 1999లో వచ్చింది. మధ్యయుగాల రాజ్యం వొకటి ఎంచుకోవాలి. గుప్పెడుమంది పనివాళ్లతో మొదలుపెట్టి, కట్టెలు కొట్టించి, బంగారం తవ్వించి, కోట లేపి, దండు కట్టి పక్కవాడి మీద పడాలి. హన్మకొండలో నెట్ సెంటర్లు జోరుగా నడిచే రోజుల్లో మేం నలుగురం కాలేజీ ఎగ్గొట్టి మరీ ఆడేవాళ్లం. గంటకింతని డబ్బు లెక్క. జేబులు ఖాళీ అయితేనే లేచేవాళ్లం.

అందులో 13 రాజ్యాలుండేవి. బ్రిటన్లు, ఫ్రాంకులు, వైకింగులు, మంగోలులు, చైనావాళ్లు, జపాన్‌వాళ్లు... మరి మనం? లేం! చోళుడూ లేడు, కాకతీయుడూ లేడు. మా జట్టులో వొకడు ఎప్పుడూ పర్షియన్లనే పట్టుకునేవాడు. ఎందుకురా అంటే, "వాళ్లకి ఏనుగుంది. ఏనుగున్నోడే మనోడు" అనేవాడు. ఆ ఏనుగు ఖరీదు బోలెడు, నడక పెళ్లినడక. అది మా గోడదాకా వచ్చేలోపు మేం వాడి ఊరంతా తగలబెట్టేసేవాళ్లం. అయినా వాడు రాజ్యం మార్చలేదు. వోడిపోయినా సరే, ఏనుగుతోనే వోడిపోయాడు.

2000లో దీనికో అనుబంధం వచ్చింది. ఎక్స్‌పాన్షన్ అంటారు. మన భాషలో రెండో భాగమే అనుకోండి. కాకపోతే మొదటిది దగ్గరుంటేనే ఇది ఆడుతుంది. కొత్తగా 5 రాజ్యాలిచ్చారు. స్పెయినొచ్చింది, కొరియా వచ్చింది, హూణులూ వచ్చారు. మనం మళ్లీ లేం. 2013లో ఇంకోటి వచ్చింది. దాని పేరు 'ది ఫర్గాటెన్', అంటే మరిచిపోయినవాళ్లు. పేరుకి తగ్గట్టు అప్పుడు గుర్తొచ్చాం! 'ఇండియన్స్' అని వొకే వొక్క రాజ్యం పెట్టారు. వొంటెల దండు, ఏనుగు మీద విలుకాడు, అంతే. కాశ్మీరం నుంచి కన్యాకుమారి దాకా అందరికీ వొకటే వేషం తగిలించినట్టయింది.

ఇక అసలు కథ. 2022 ఏప్రిల్ 28న 'డైనాస్టీస్ ఆఫ్ ఇండియా' అనే అనుబంధం విడుదలైంది. ఆ తేదీ ఎక్కడో విన్నట్టు లేదూ? 2017లో అదే ఏప్రిల్ 28న 'బాహుబలి' రెండో భాగం వచ్చింది. యాదృచ్ఛికమే కానీ, నాకు మాత్రం శకునం బాగున్నట్టే తోచింది.

వొక్క వేషం పోయి నాలుగయ్యాయి. పాత 'ఇండియన్స్' కాస్తా హిందుస్తానీలయ్యారు. కొత్తగా బెంగాలీలు, గుర్జరులు, ద్రావిడులు వచ్చారు. బాబరు, దేవపాలుడు, రాజేంద్రచోళుడు, ఈ ముగ్గురి మీదా మూడు కథలిచ్చారు. రాజేంద్రుడు మనకి పరాయివాడేం కాదు. ఆయన కూతురు అమ్మంగదేవి రాజమహేంద్రవరం కోడలు. నన్నయ చేత భారతం మొదలుపెట్టించిన రాజరాజనరేంద్రుడి భార్య.

ఆట ఎలా వుందంటారా? గోడలు బద్దలు కొట్టే దూలం బదులు కవచం తొడిగిన ఏనుగే వెళ్లి కోట తలుపుని కుమ్ముతుంది. ద్రావిడుల గుర్రపుదళం బలహీనం, ఓడలు గట్టివి. మొదట నాకు కోపమొచ్చింది. తర్వాత ఆలోచిస్తే సబబే అనిపించింది. దక్షిణాదిలో మేలుజాతి గుర్రాలు పుట్టవు, సముద్రం మీంచి రావాలి. 1244లో మన గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించి, ఓడ పగిలిన వర్తకుడి సొత్తు లాక్కోమని మాటిచ్చింది సముద్రవ్యాపారం నిలబడాలనే. ద్రావిడులకి 'వూట్జ్ స్టీల్' అనే విద్య కూడా ఇచ్చారు. అది నేర్చిన సైనికుడి కత్తి ముందు ఎదుటివాడి కవచం పనిచెయ్యదు. మన 'ఉక్కు' మాటే తెల్లవాళ్ల నోట్లో వూట్జ్ అయిందంటారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఆ ఉక్కుకి పేరుపడ్డ వూరే. చూశారా, వెతికితే మన సరుకు చాలానే వుంది.

అంచేత నా తీర్పు వినండి. మొదటి ఆటలో వుండాల్సింది ఈ అనుబంధంలో వుంది. అయితే 'బాహుబలి' వేరు, ఇది వేరు. 2015లో మొదటి భాగం ముగిస్తూ కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్న మన చేతిలో పెట్టి, మిగతాది తర్వాత చెబుతామన్నారు. మనం తెలిసే ఎదురుచూశాం. 1999 నాటి ఆట అలా అనలేదు. ప్రపంచమంటే ఇంతే అన్నట్టు ముగించేసింది. వున్న కథ దాచుకుని తర్వాత చెప్పడం వొకటి. మనుషులున్నారనే గుర్తులేక, 23 ఏళ్లకి సర్దుకోవడం ఇంకొకటి. పైగా హిందుస్తానీలు పాత ఆటతోనే వచ్చేస్తారు. మిగతా ముగ్గురికీ విడిగా టికెట్టు కొనాలి. నేను కొన్నాను. కొన్నందుకు విచారం లేదు. కానీ కొంటూ కాస్త గొణుక్కున్నాను.

ఆ గొణుగుడికి అర్థం మా మేనల్లుడు చెప్పాడు. వాడు తొమ్మిదో తరగతి. నా పక్కన కూచుని ద్రావిడుల పనివాణ్ణి నొక్కాడు. వాడు తమిళంలో పలికాడు.

"ఇదేంది మామా? మనోళ్లకు డబ్బింగ్ చెప్పుడు మర్చిపోయిన్రా?"

నవ్వాను. వాడు నవ్వలేదు. "మరి మనోళ్లేరి మామా? రుద్రమదేవి ఏది? ఓరుగల్లు ఏది?"

ఏం చెప్పను? 2015లో 'రుద్రమదేవి' సినిమా వచ్చింది, వెండితెర మీద ఆమెని చూశాం. 2021లో రామప్పగుడి ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఈ ఆటలో మాత్రం మాకు పెద్దనాన్న గారింట్లో వొక కుర్చీ వేశారు. మర్యాదగానే వేశారు. కానీ అది మా ఇల్లు కాదు గదా!

ఆ ఆదివారమే వాణ్ణి కోటకి తీసుకెళ్లాను. పుట్టిన వూళ్లో వున్న కోటని నేనూ సరిగ్గా చూసి ఎన్నేళ్లయిందో. బయట మట్టికోట, లోపల రాతికోట, దాని చుట్టూ కందకం. రాతికోటకి 45 బురుజులు. గణపతిదేవుడు మొదలుపెడితే రుద్రమ పూర్తి చేయించింది. మావాడు బురుజు ఎక్కి చూసి, "మామా, గిది ఆటలో కట్టొచ్చు" అన్నాడు. ఆ ఆటలో మన యుద్ధరంగం మనమే తయారుచేసుకునే పనిముట్టు వొకటుంది. 1999 నుంచీ వుంది! మేం నలుగురం ఇన్నేళ్లూ మనోళ్లు లేరని ఏడ్చాం గానీ, దాన్ని తెరిచి వొక్క గోడ కట్టిన పాపాన పోలేదు.

వాడు నెలరోజులు కూచుని ఓరుగల్లు కట్టాడు. అప్పుడొచ్చింది చిక్కు. "మామా, ప్రతాపరుద్రుణ్ణి గెలిపించాల్నా, వోడించాల్నా?"

గెలిపిస్తే అబద్ధం, వోడిస్తే బాధ. ఆలోచించి చెప్పాను. ఢిల్లీ నుంచి ఉలుఘ్ ఖాన్ మొదటిసారి వచ్చి ముట్టడించినప్పుడు కోట లొంగలేదు. దండులో గందరగోళం పుట్టి దేవగిరికి వెనక్కిపోయాడు. ఆ యుద్ధం తీసుకో. మనం గెలిచిందే, నిజం కూడానూ. అక్కడ శుభం కార్డు వేసెయ్.

వాడు నావైపు అదోలా చూశాడు.

"అది ఇంటర్వెల్ మామా. ఆయన 1323ల మళ్లొచ్చిండు గదా. రాజుని పట్టుకపోయిండు గదా. సగం సినిమా చూపించి పంపిస్తే నువ్వైతే వూరుకుంటవా?"

నిజమే. ఇరవై మూడేళ్లు సగం కథతో ఆడి గొణిగినవాణ్ణి, మేనల్లుడికి సగం కథే నేర్పబోయాను.

"అయితే రెండో భాగంలో వోడిపోతాం మరి" అన్నాను.

"వోడిపోదాం. మూడో భాగం గూడ తీస్త. కాపయనాయకుడు 1336ల కోటని తిరిగి పట్టిండని మా సోషల్ సార్ చెప్పిండు" అని మౌస్ అందుకున్నాడు.

మూడో భాగం ఇంకా పూర్తికాలేదు. పర్షియన్ ఏనుగు మిత్రుడికి కబురు చేశాను. విడుదల రోజున మొదటి ఆట వాడిదే.