చింతచెట్టుకు మట్టి తొట్టి

పిల్లలూ! మీలో ఎవరైనా బోన్సాయ్ చెట్టును చూశారా? ఎత్తు చూస్తే జానెడు. కాని ముదిరిన మాను, వంపు తిరిగిన కొమ్మలు, బెరడు మీద ముడుతలు అన్నీ ఉంటాయి. ఈ విద్య చైనాలో పుట్టి జపానులో పెరిగింది. జపాను భాషలో "బోన్" అంటే లోతులేని తొట్టి, "సాయ్" అంటే నాటటం. అనగా పేరులో సగం తొట్టిదే! అయినా చూసినవాళ్ళు చెట్టును మెచ్చుకుంటారేగాని తొట్టిని పలకరించరు. అందుకని నేను తొట్టి సంగతే చెబుతాను.

మా ఇంట్లో పన్నెండేళ్ళ చింతచెట్టు ఒకటి ఉన్నది. దాని ఎత్తు 30 సెంటీమీటర్లు. మా వీధి చివరి పెద్ద చింత ఒకనాడు గాలివానకు కూలిపోయింది. దాని గింజలు కొన్ని నా దగ్గర ఉంటే, ఒకటి నాటాను. అదే ఇది. ఇన్నాళ్ళూ పగిలిన కుండ అడుగుచెక్కలో బతికింది. ఇప్పుడు వేళ్ళు నిండిపోయి, పోసిన నీళ్ళు లోపలికి దిగటం లేదు. తొట్టి మార్చకపోతే చెట్టు దక్కదు.

చిత్తూరు నుంచి బెంగుళూరు దారిన మొగిలి ఘాటు ఎక్కితే పలమనేరు వస్తుంది. చెరువు బంకమన్నుతో చేసే ఎర్రమట్టి పాత్రలకూ, బొమ్మలకూ అది పేరుపొందిన ఊరు. అక్కడ ఒక ముసలి కుమ్మరి నా మాట విని నవ్వాడు.

"చెట్టుకు పళ్ళెమా అయివారూ! చెట్టుకు గుంత గదా కావాల్సింది?"

"గుంతలో పెడితే అది మామూలు చెట్టయిపోతుంది పెద్దాయనా," అన్నాను.

కొలతలకు ఒక లెక్క ఉన్నది. తొట్టి పొడవు చెట్టు ఎత్తులో మూడింట రెండు వంతులు. లోతు మాను మొదలు మందమంత. ఇది శాసనమేమీ కాదు, కంటికి నచ్చే లెక్క. మా చింతకు 20 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల లోతు సరిపోతాయి. అయితే పెద్దాయన 22 సెంటీమీటర్లకు కోశాడు. ఎందుకో చెప్పుకోండి! తడిమన్ను ఆరినప్పుడు, కాలినప్పుడు కుదించుకుపోతుంది. మీరూ చూడవచ్చు. తడి బంకమట్టి పలక మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీసి, నీడలో వారం ఆరబెట్టి, మళ్ళీ కొలవండి.

సారె మీద గుండ్రని పాత్రలే వస్తాయి. మాకు కావలసినది పలకల తొట్టి. కనుక పెద్దాయన మన్నులో సన్న ఇసుక కలిపి కాళ్ళతో తొక్కి, గోనెపట్టా మీద పరిచాడు. అటూ ఇటూ ఒకే మందం గల రెండు బద్దలు పెట్టి, వాటి మీద కర్ర దొర్లించి పలక చేశాడు. అంచులు గీకి, పలచని మట్టి పులిమి, గోడలు అతికించాడు. అడుగున నీళ్ళు పోవటానికి రెండు పెద్ద రంధ్రాలు, నాలుగు చిన్నవి. చిన్నవి ఎందుకంటే, ఇంత లోతులేని తొట్టిలో చెట్టుకు పట్టు దొరకదు. వాటిగుండా తీగ దూర్చి వేళ్ళను కట్టాలి. లేకపోతే గాలికి పడిపోతుంది. కింద నాలుగు పొట్టి కాళ్ళు కూడా పెట్టాడు, నీరు ఆగకుండా.

మిగిలిన మట్టితో ఆయన మనమరాలు పువ్వులు చేసింది. తిరుపతి పిల్లలకు కుమ్మరి భీముడి కథ తెలిసే ఉంటుంది. మట్టిపూలతో స్వామిని పూజించాడట గదా!

అసలు కష్టం ఆరబెట్టటంలో ఉన్నది. అంచులు ముందు ఆరి ముడుచుకుంటాయి, నడుమ ఇంకా తడిగానే ఉంటుంది. ఆ గుంజులాటలో పలక వంకరపోతుంది, లేదా చీలుతుంది.

"ఎండకు పెడితే పగల్తాది. దీనికి తొందర పనికిరాదు," అంటూ ఆయన తొట్లను ఇసుక మీద పెట్టి, అంచులకు తడిగుడ్డ కప్పాడు. ఇసుక మీదయితే కుదించుకునేటప్పుడు సులువుగా జరుగుతాయి. ఇలా పది రోజులు.

ఆవంలో మొదట సెగ సన్నగానే ఉండాలి. నీరు ఆవిరయితే పదహారు వందల రెట్లకు పైగా వ్యాపిస్తుంది. మన్నులో చెమ్మ ఉండగా మంట పెంచితే తొట్టి పేలిపోతుంది. తరవాత సుమారు 600 డిగ్రీలకు మన్నులో కలిసిపోయి ఉన్న నీరు కూడా వదిలిపోతుంది. ఇక ఎంత నానబెట్టినా అది బురద కాదు. మన్నులోని ఇనుము గాలితో కలిసి ఎర్రరంగు ఇస్తుంది.

జపానులో తొకొనామె అనే ఊరు బోన్సాయ్ తొట్లకు ప్రసిద్ధి. అక్కడి తొట్లు ఇంకా ఎక్కువ వేడిమికి కాలినవి, గట్టివి. చలిదేశంలో మెత్తని మట్టి పనికిరాదు. దానిలో ఇంకిన నీరు గడ్డకట్టి, ఉబ్బి, తొట్టిని చీలుస్తుంది. మన చిత్తూరు సీమలో నీళ్ళు గడ్డకట్టేటంత చలి ఎక్కడిది? కాబట్టి మన ఎర్రమట్టే నయమని నా అభిప్రాయం. కూజాలాగా చెమర్చి, ఎండాకాలంలో వేళ్ళను చల్లగా ఉంచుతుంది. కాని రెండు పూటలా నీళ్ళు పోయాలి సుమా!

లోతులేని తొట్టిలో నీరు త్వరగా దిగిపోతుందని మీరనుకుంటారు. ఒక స్పాంజిని బాగా తడిపి, పడుకోబెట్టి పట్టుకోండి. చుక్కలు ఆగాక నిలువుగా తిప్పండి. మళ్ళీ నీళ్ళు కారతాయి! పడుకున్న స్పాంజి ఎక్కువ నీరు పట్టుకున్నదన్నమాట. పళ్ళెం తొట్టి కూడా అంతే. అందుకే దానిలో మెత్తని మన్ను పోయరు. జల్లించిన ఇటుకముక్కలు, గరుకు ఇసుక ఎక్కువగా వేస్తారు.

మూడు తొట్లు కాలిస్తే ఒకటి మూల చీలింది. తక్కిన రెండింటినీ పెద్దాయన వేలితో కొట్టి చూశాడు; ఖంగుమన్నాయి. కొలిస్తే సరిగ్గా 20 సెంటీమీటర్లు. ఇంటికి తెచ్చి, వేళ్ళు మూడోవంతు కత్తిరించి, చింతను నాటి, తీగతో కట్టి నీడలో పెట్టాను.

వారంలో ఆకంతా రాలిపోయింది. రోజూ గోటితో బెరడు కొంచెం గీరి చూసేవాణ్ణి, లోపల పచ్చగా ఉన్నదో లేదోనని. పందొమ్మిదో రోజున కొమ్మ చివర ఆవగింజంత చిగురు కనిపించింది. ఇప్పుడు నిండా ఆకులున్నవి. పెద్ద చింతల మాదిరిగానే సాయంత్రానికి అవన్నీ ముడుచుకుంటాయి.

రెండో తొట్టి ఖాళీగా ఉన్నది. పాత చింత గింజలు డబ్బాలో ఇంకా నాలుగున్నాయి. నిన్న రాత్రి నానబోశాను.