చినుకు లేని వరద

ఊహాలోకాల కథల్లో ఒక నది తరచు కనిపిస్తూంటుంది. ఆరునెలలు ఇసుక, ఆరునెలలు సముద్రం. గడ్డిమైదానాల అవతల ఎక్కడో వాన కురిస్తే, ఇక్కడ ఎండ కాస్తూండగానే పొంగుతుంది. ఎంత చక్కని కల్పన అని మెచ్చుకుంటాం. జొన్నాడ రేవులో స్నానం చేసినవాడెవడూ దాన్ని కల్పన అనడు లెండి.

మా మేనమామగారిది జొన్నాడ. ఎదర గౌతమి, ఆవలి ఒడ్డున రావులపాలెం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటినుంచీ వేసవి నీరు చాలావరకు కాలవల్లోకే పోతుంది. దిగువన గౌతమికి మిగిలేది సన్నని పాయ. పిల్లలం కాళ్ళు చుర్రుమంటూంటే ఇసకలో పరుగెత్తి అందులో దూకేవాళ్ళం.

ఆషాఢం వచ్చేసరికి నీరు ఎర్రబడుతుంది. మబ్బన్నది ఉండదు. అత్తయ్య పెరట్లో బట్టలారేసుకుంటూంటే గోదారి రేవుమెట్లు ఎక్కుతూంటుంది.

"ఎండలో వరదేమిటి మావయ్యా?"

"ఇది మన వాన కాదురా. బస్తర్లో పడింది."

నిజమే. త్ర్యంబకంలో పుట్టిన నదికి ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తోడైతేనే ఇంత పొగరు. ఆఫ్రికాలో ఒకవాంగో అని ఇలాంటిదే ఇంకో నది ఉంది. అంగోలా కొండల్లో కురిసిన వాన నెలల తరబడి నడిచి, బోట్స్వానాలో చినుకు లేని రోజుల్లో మైదానాలను ముంచుతుంది. అది సముద్రం మొహం చూడదు. మనది చూస్తుంది, పైగా అక్కణ్ణించి పులసని రప్పిస్తుంది. పులస ధర ఇక్కడ ఎత్తను, ఇంట్లో గొడవలొస్తాయి.

మావయ్యకి లంకలో రెండెకరాల అరటితోట ఉండేది. 1986 ఆగస్టులో గెలలు పక్వానికి ఇంకా నెలరోజులుంది. కోస్తే సగం ధర రాదు, కొయ్యకపోతే ఏమవుతుందో ఎగువ నీరు చెప్పాలి. భద్రాచలంలో పెరిగిన నీరు ఇక్కడికి చేరడానికి ఒక రోజు పైన పడుతుంది. ఉన్న వ్యవధల్లా అదే. ఆయన రేడియో ముందునుంచి లేవలేదు. చివరికి, "పడవ కట్టండి," అన్నాడు. రాత్రల్లా లాంతర్ల వెలుతురులో కోశారు. సగం కూడా కాకముందే నీరు మోకాళ్ళకొచ్చింది. ఆగస్టు 16న భద్రాచలం దగ్గర 75.6 అడుగులు! కోనసీమలో గట్లు తెగాయి.

నీరు తీశాక వెళ్ళి చూస్తే అరెకరం లేదు. ఏరు కోసుకుపోయింది. మిగిలినదాంట్లో మూడొంతులు ఇసుక మేట. "అమ్మేద్దామండీ," అంది అత్తయ్య. "కొనేవాడెవడే?" అన్నాడు మావయ్య. ఆ ఇసుక తోలించడానికి రెండు వేసవులు పట్టింది.

2022 జులైలో భద్రాచలం మళ్ళీ 71.3 అడుగులకి చేరింది. మావయ్య లేడు. రేడియో బదులు సెల్‌ఫోన్ చూసి బావ రెండురోజుల ముందే గెలలు కోయించేశాడు. వరద తీశాక ఫోన్ చేశాడు:

"ఈసారి మేట వెయ్యలేదురా, బెత్తెడు ఒండ్రు పెట్టింది. పిలకలు దొరకడంలేదు. మీ వైపు ఎవరి దగ్గరన్నా ఉన్నాయేమో కనుక్కో."