మా వాడి పడవ, నా సలహా



మొన్న గృహకూడిక అయ్యాక ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచి అడిగారు: "అయ్యగారూ, మీ అన్నయ్యగారబ్బాయి ఇంగ్లండులో పడవ కొన్నాడటగా. కంప్యూటరు ఉద్యోగం మానేసి చేపలు పడుతున్నాడా ఏంటి?" అందరం నవ్వుకున్నాం. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు. ఆ పడవ సంగతిలో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. మీకు చెప్పడమే మంచిదనిపించింది.

మా అన్నయ్యది సికింద్రాబాదులో రైల్వే ఉద్యోగం. వాడు చిన్నప్పుడు హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాడు. ట్యాంక్‌బండ్ మీద బస్సులో వెళ్తూ మనం బుద్ధుడి విగ్రహం చూస్తాం గానీ, ఆ పక్కన తిరిగే తెల్ల తెరచాపల్ని పట్టించుకోం. పిల్లలకి ముందు ఆప్టిమిస్ట్ అనే బుల్లి పడవ ఇస్తారు. అందులో ఒక్క పిల్లవాడే పడతాడు. కాస్త ఎదిగాక లేజర్ అనే ఇంకోటి, అదీ ఒక్కరు నడిపేదే. వానాకాలం గాలి బాగుంటుంది కాబట్టి అక్కడ లేజర్ పడవల పెద్ద పోటీలు ఎక్కువగా జూలై, ఆగస్టుల్లో పెడతారు. పరీక్షల కంటే ఆ పోటీలకే వాడు ఎక్కువ భయపడేవాడని మా వదిన ఇప్పటికీ అంటుంది.

పై చదువుకి సౌతాంప్టన్ వెళ్ళాడు. అక్కడ సముద్రం ఇంటి ముందే. ఉద్యోగం వచ్చాక ఒక స్నేహితుడితో కలిసి పాత పడవ ఒకటి కొన్నాడు. దాని పేరు ఆర్.ఎస్. 800. పొడవు 16 అడుగులకి కొంచెం తక్కువ. ఇలాంటివాటిని డింగీలంటారు. అందులోనూ ఇది వేగానికని చేసిన రకం.

పడవంటే నాకు తెలుసనుకున్నాను. మా తాతగారు ధవళేశ్వరం కాలవల మీద ధాన్యం పడవ నడిపినాయన. గాలి ఉంటే తెరచాప ఎత్తడం, లేకపోతే కళాసీలు గట్టు వెంట తాడు పట్టుకుని లాగడం. ఎక్కడ నీళ్ళుంటే అక్కడ పడవ పోతుంది, అంతే కదా అనుకునేవాణ్ణి.

కిందటేడు వాడి ఉద్యోగం లెస్టర్ అనే ఊరికి మారింది. ఇంగ్లండు నడిబొడ్డున ఉంటుంది, ఎటు చూసినా సముద్రం దూరమే. స్నేహితుడు స్కాట్లండ్ వెళ్ళిపోతూ తన వాటా వీడికే అమ్మేశాడు. కొత్త ఊరు, కొత్త ఆఫీసు, ఇద్దరు నడపాల్సిన పడవ, మనిషి ఒక్కడు. అప్పుడు ఫోన్ చేశాడు.

"బాబాయ్, ఇంటికి పది నిమిషాల దూరంలో ఒక క్లబ్ ఉంది. కంకర తవ్విన గోతిలో నీళ్ళు నిండి చిన్న సరస్సయింది. మనుషులు చాలా మంచివాళ్ళు. ఇంకోటి 25 మైళ్ళ దూరం. ఎందులో చేరమంటావు?"

నేను క్షణం ఆలోచించలేదు. "దూరపు కొండలు నునుపురా నాన్నా. దగ్గరున్నదాన్ని కాదని పెద్దదాని వెంట పరుగెత్తడం మంచిది కాదు. ఉన్నచోట కుదురుకో" అన్నాను.

ఒక మాట దాచకుండా చెప్పాలి. సరిగ్గా ఆ నెలలోనే మన సంఘంలో రెండు కుటుంబాలు ఆదివారం టౌనులో చర్చికి వెళ్ళడం మొదలుపెట్టాయి. ఆ నొప్పి నా కడుపులో ఉంది. వాడు అడిగింది పడవ గురించి, నేను జవాబు చెప్పింది ఆ రెండు కుటుంబాలకి.

వాడు నా మాట విన్నాడు. ఏడాది చందా కట్టాడు. బడిపంతులు ఒకాయన పాపం తోడుగా ఎక్కడానికి ఒప్పుకున్నాడు. మొదటి నెలలోనే పడవ ఆరేడుసార్లు తిరగబడింది. ఒకసారి ఇరవై అడుగులు దాటిన ఆ తెరచాప కొయ్య అడుగు బురదలో గుచ్చుకుపోయి, బయటికి లాగడానికి గంట పట్టింది. ఇంకోసారి ఒక ముసలాయన ప్రాణంలా చూసుకునే చెక్క పడవని వెళ్ళి గుద్దాడు. పంతులుగారి మణికట్టు బెణికింది. ఎవరూ ఒక్క మాట అనలేదట. అదే వాడికి ఎక్కువ బాధ. పడవకి పట్టా కప్పేసి, ఆదివారాలు గదిలోంచి బయటికి రావడం మానేశాడు. "అమ్మేస్తానంటున్నాడు, ఫోన్ ఎత్తడం లేదు" అని మా అన్నయ్య నాకు చెప్పేసరికి మూడు నెలలు గడిచాయి.

అప్పుడు వాణ్ణి వీడియో కాల్‌లో కూర్చోబెట్టి, "నాకేమీ తెలియదనుకుని మొదటినుంచి చెప్పు" అన్నాను. ఈ పని ముందే చేయాల్సింది.

వాడు కాగితం మీద బొమ్మ గీశాడు. ఈ పడవకి రెండు వైపులా రెక్కలుంటాయి. నడిపే ఇద్దరూ కొయ్యనుంచి దిగే తీగలకి నడుము తగిలించుకుని, రెక్క అంచున పాదాలు ఆనించి, నీళ్ళ మీదికి వెల్లకిలా వేలాడతారు. తెరచాపని గాలి ఒకవైపు పడదోస్తుంటే, వీళ్ళ బరువు రెండో వైపు ఆపుతుంది. గాలి స్థిరంగా ఉన్నంతసేపూ అది పరుగే. గట్టు మీద చెట్లుంటే గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది, మరుక్షణం ఇంకో మూలనుంచి కొడుతుంది. వేలాడుతున్న ఇద్దరూ నీళ్ళలో పడతారు.

ఇంకోటి. గాలి వెనకనుంచి వస్తే మా తాతగారి పడవ తిన్నగా ముందుకు పోయేది. ఇది అలా పోతే నెమ్మదిస్తుంది. పెద్ద బెలూన్‌లాంటి మూడో తెరచాప విప్పి, ఏటవాలుగా ఇటూ అటూ మెలికలు తిరుగుతూ పోతేనే దానికి వేగం. ఆ మెలికకి వెడల్పు నీళ్ళు కావాలి. చిన్న సరస్సులో తెరచాప విప్పి సర్దుకునేసరికి అవతలి గట్టు వచ్చేస్తుంది.

పోటీలోనూ అంతే. ఇంగ్లండులో రకరకాల పడవలు కలిసి పోటీ పడతాయి కాబట్టి ఒక్కో రకానికి ఒక అంకె ఇస్తారు. పోర్ట్స్‌మత్ యార్డ్‌స్టిక్ అంటారు దాన్ని. లేజర్ అంకె దాదాపు 1100, వీడి పడవది దాదాపు 800. పట్టిన సమయాన్ని వెయ్యితో హెచ్చించి ఆ అంకెతో భాగిస్తారు. లేజర్ 66 నిమిషాల్లో పూర్తి చేస్తే, వీడు 48 నిమిషాల్లో ముగిస్తేనే సమానం. రెండింటికీ లెక్క 60కే తేలుతుంది. విశాలమైన నీళ్ళలో అది న్యాయమే. నిమిషానికి రెండుసార్లు మలుపు తిరగాల్సిన గోతిలో ఆ పద్దెనిమిది నిమిషాలు ఎక్కడనుంచి తెస్తాడు? మా వాడు ప్రతి వారం ఆఖరే.

"ఈ సంగతి నాకెందుకు చెప్పలేదురా?" అన్నాను.

"నువ్వు అడగలేదు బాబాయ్" అన్నాడు. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది.

ఆ తర్వాత ఇద్దరం కలిసి వెతికాం. అంటే వాడు వెతికాడు, నేను అడుగుతూ కూర్చున్నాను. నీళ్ళు ఎంత వెడల్పు? చుట్టూ చెట్లా, బయలా? పడవ దింపే రేవు ఏ దిక్కున, అక్కడ గాలి గట్టు వైపుకి తోస్తుందా, లోపలికా? తిరగబడితే వచ్చే మరపడవలు ఎన్ని? ఎండాకాలం నీటిమట్టం తగ్గితే రేవు అందుతుందా? ఇలాంటి పడవలు అక్కడ ఇంకెన్ని ఉన్నాయి? మా వాడు చివరి ప్రశ్ననే ముందు అడగాలంటాడు. అలాంటి పడవ పక్కన ఇంకోటి ఉంటే, విరిగిన సామాను నుంచి తోడు మనిషి దాకా అన్నీ దొరుకుతాయట.

చందా కట్టకముందే రెండు శనివారాలు ఊరికే వెళ్ళి గట్టున నిలబడమన్నాను. ఈసారి నేనిచ్చిన సలహా అదొక్కటే.

ఆ 25 మైళ్ళ దూరంలో ఉన్నది రట్లండ్ వాటర్. గ్వాష్ అనే చిన్న ఏటికి 1970లలో ఆనకట్ట కట్టారు. 3,000 ఎకరాలకి పైగా నీళ్ళు. అది చూపిస్తూ ఫోన్ తిప్పాడు వాడు. నీళ్ళలోకి చొచ్చుకుని ఒక రాతి గుడి గోపురం కనిపించింది. నార్మన్టన్ చర్చి అట. జలాశయం నిండితే సగం మునుగుతుందని, కింది భాగాన్ని రాళ్ళూ కాంక్రీటుతో నింపి, నేలని పైకి ఎత్తి, చుట్టూ గట్టు కట్టి నిలబెట్టారు. ఆరాధనలు ఎప్పుడో ఆగిపోయాయి. ఆ లోయలో నెదర్ హాంబుల్టన్ అనే ఊరు మాత్రం నీళ్ళ కిందికే పోయింది. మనకి శ్రీశైలం నీళ్ళు వచ్చినప్పుడు సంగమేశ్వర గుడిని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి కట్టారు కదా, అది గుర్తొచ్చింది. మునిగిన ఊళ్ళ మనుషులు ఎక్కడెక్కడ కుదురుకున్నారో అనుకుంటూ చాలాసేపు ఆ గోపురాన్నే చూశాను. "బాబాయ్, పడవలు చూడు" అని వాడే అరిచాడు.

తోడు కూడా దొరికింది, యాభై దాటిన ఒక డాక్టరమ్మ. ఆవిడ సన్నగా ఉంటుంది. జంట తేలికైతే పడవ రెక్కల్ని ఇంకాస్త బయటికి జరుపుకోవచ్చు, బరువైతే లోపలికి. అందరూ దాదాపు సమానంగా పోటీ పడేలా ఆ పడవ తయారీలోనే పెట్టారు. చలికాలం నీళ్ళకి ఒంటికి తడి తగలని సూటు కొన్నాడు. ఎదుటివాళ్ళకి నష్టం జరిగితే చెల్లించే బీమా కాగితం చూపిస్తేనే గేటు లోపలికి రానిచ్చారట. దూరం దూరమే, పెట్రోలు ఖర్చు ఖర్చే. నెలకి రెండుసార్లే వెళ్ళగలుగుతున్నాడు.

పాత క్లబ్బుని వాడు వదల్లేదు. కట్టిన చందా ఉంది కదా, అక్కడి పిల్లలకి బుధవారం సాయంత్రాలు ఆప్టిమిస్ట్ నేర్పుతున్నాడు. ఆ గోతి నీళ్ళు వాటికి సరిగ్గా సరిపోతాయట.

టౌను చర్చికి వెళ్తున్న ఆ రెండు కుటుంబాల్లో ఒకరికి ఈమధ్య నేనే ఫోన్ చేశాను. ఎందుకు వెళ్ళారని మొదటిసారి అడిగాను. వాళ్ళ చిన్నవాడికి చెవులు వినబడవని మీకు తెలుసు. అక్కడి సండే స్కూల్లో సైగలతో పాఠం చెప్పే టీచరమ్మ ఉన్నారు. ఏడాదిగా నాకు ఆ సంగతి తెలియదు. వాళ్ళ అనుమతితోనే ఇది రాస్తున్నాను. రెండో కుటుంబానికి ఇంకా ఫోన్ చేయలేదు.

వచ్చే ఆదివారం మా వాడికి రక్షణ పడవ మీద డ్యూటీ. సభ్యులందరూ ఏడాదికి కొన్నిసార్లు వంతులవారీగా ఆ పని చేయాలి, మన దగ్గర ప్రేమవిందుకి వంట వంతులు వేసుకున్నట్టే. నీళ్ళ మీదికి వెళ్ళేముందు ఫోన్ కారులో పెట్టేస్తాడు కాబట్టి, సాయంత్రం దాకా చేయొద్దని మా వదినకి చెప్పి ఉంచాను.