ఒక్క రాత్రిలో ముసలిదైన బల్ల

విశాఖపట్నం నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని ఉత్తరంగా వెళితే, పాతిక కిలోమీటర్లు దాటాక భీమిలి వస్తుంది. గోస్తనీ నది సముద్రంలో కలిసేది ఇక్కడే. డచ్చివాళ్ల సమాధులు, పాత లైట్‌హౌస్... ఇవన్నీ ఉన్నా, మన సినిమా అభిమానులకి భీమిలి అంటే 1978లో బాలచందర్ గారు తీసిన 'మరో చరిత్ర'! నేను వెళ్లిందీ ఆ ఇసుకని ఓసారి తొక్కి రావడానికే. చూసింది మాత్రం వేరే కథ.

ఒడ్డున ఏదో సినిమాకి జాలరి ఇల్లు సెట్టు వేస్తున్నారు. ఇంటిముందు హీరోయిన్ కూర్చోవడానికి బల్ల కావాలి. అదీ అలల్లో నాని, ఎండకి ఎండి, బూడిదరంగు తిరిగిన చెక్కతో! పక్కనే ఇసుకలో ఒరిగి ఉన్న పాత నావ మీద ప్రొడక్షన్ కుర్రాడి కన్ను పడింది.

"నాలుగు పలకలు ఊడదీసివ్వండి. ఎంతంటే అంత!" అన్నాడు.

జాలరి కొడుకు మెత్తబడ్డాడు. నీళ్లకి పనికిరాని నావే కదా! తండ్రి మాత్రం దానికి వీపు ఆనించుకుని, "మా అయ్య సేయించిన నావ బాబూ" అని ఊరుకున్నాడు. కుర్రాడు రేటు పెంచుతున్నాడు, ముసలాయన తల దించుకుంటున్నాడు.

అప్పుడు కలగజేసుకున్నాడు వడ్రంగి మేస్త్రి. "నావ జోలికెళ్లకండి. తెల్లారేసరికి కొత్త చెక్కనే ముసలిదాన్ని చేసిస్తాను. నచ్చకపోతే అప్పుడు మీ ఇష్టం!"

షాటు ఉదయం ఆరుకి. ఇంక నాకు నిద్రెక్కడిది చెప్పండి?

ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్కతో బల్ల తయారైంది. మేస్త్రి ముందు మూలల్ని అరగదీశాడు. "సంద్రంలో తిరిగొచ్చిన చెక్కకి మూలలుండవు బాబూ" అన్నాడు. తర్వాత వైరు బ్రష్షుతో గీతల వెంబడే గీకాడు. అడ్డంగా గీకితే దొంగతనం బయటపడుతుందట! మెత్తని భాగం రాలిపోయి, గట్టి గీతలు నరాల్లా పైకి తేలాయి.

అసలు ఎండ చేసే పని ఏమిటంటే, చెక్కని పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని విరగ్గొడుతుంది. వాన దాన్ని కడిగేస్తుంది. మిగిలిన నార వెండి బూడిదరంగులోకి తిరుగుతుంది. ఏళ్లు పట్టే ఆ పనికి మేస్త్రి దగ్గరున్నది ఒక్క సీసా! వెనిగర్‌లో స్టీల్ ఊల్ రెండు రోజులు నానేసి, వడకట్టిన ఇనప నీళ్లు. నానేటప్పుడు గ్యాసు పుడుతుంది కాబట్టి మూత బిగించకూడదట.

ఆ నీళ్లు చెక్కలోని వగరుతో కలిస్తేనే రంగు మారుతుంది. పైన్‌లో వగరు తక్కువ. అందుకని ముందు చిక్కటి టీ డికాక్షన్ పూసి ఆరబెట్టాడు. దానిమీద ఇనప నీళ్లు పూశాడు. చూస్తుండగానే గోధుమరంగు చెక్క... నల్లబడింది! కాటుకంత నలుపు!

నా గుండె జారింది. ముసలాయన చీకట్లో నావ దగ్గరే కూర్చున్నాడు.

"మందు ఘాటెక్కింది" అన్నాడు మేస్త్రి తాపీగా. ఆ పలకని గరుకు కాయితంతో రుద్దాడు. ఇనప నీళ్లలో మంచినీళ్లు కలిపి, మిగతా పలకలకి పల్చగా పూశాడు. ఈసారి బూడిదరంగు తేలింది. ఆరాక పల్చటి తెల్ల డిస్టెంపరు అద్ది, వెంటనే గుడ్డతో తుడిచేశాడు. గీతల సందుల్లో ఉప్పు పట్టినట్టు తెలుపు నిలిచింది. చివరగా కాస్త మైనం.

ఆరు గంటలకి ప్రొడక్షన్ కుర్రాడు మానిటర్‌లో చూశాడు. బల్లనీ చూశాడు, నావనీ చూశాడు. జేబులోంచి తీయబోయిన డబ్బు మళ్లీ లోపలికి తోశాడు. "సరే, నావ అక్కర్లేదు!"

ముసలాయన వచ్చి బల్లని అరచేత్తో తడిమాడు. ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూశాడు. "సంద్రం వాసన నేదు గానీ... బాగుంది" అని నవ్వి, దానిమీదే కూర్చున్నాడు. హీరోయిన్ కన్నా ముందు!

ఈసారి తెరమీద ఏ పాత బల్లయినా కనిపిస్తే, దానిమీద కూర్చున్నవాళ్లనే కాదు, బల్లనీ ఓసారి చూడండి. దానికోసం ఎవరో తెల్లవార్లూ మేలుకుని ఉంటారు!