ప్రార్థన కొండ మీద ఒక ఉదయం

మా అబ్బాయి ఇంజనీరింగు చదువుకు ఉన్న ఒక్క ఎకరం అమ్మాలా, వద్దా అనే సంగతి ఆరు నెలలు మా ఇంట్లో నలిగింది. ప్రార్థన చేయలేదా అంటే, చేశాము. అయితే బేరం కుదిరి, బయానా తీసుకునే రోజు ఖాయమైన తరువాతే చేశాము. ఆ పని మీదనే భార్యాభర్తలం ఒంగోలు వెళ్లాము. బయానాకు ఇంకా వేళ ఉండడంతో తెల్లవారుజామున ప్రార్థన కొండ ఎక్కాము.

పైకి చేరేసరికి తూర్పు తెల్లబడుతున్నది. కింద పట్టణం అప్పుడే మేలుకొంటున్నది. 1854 జనవరి 1న, ఇటువంటి వేళలోనే, జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, మరి ముగ్గురు విశ్వాసులు ఇక్కడ మోకరించారు. మొత్తం ఐదుగురే. అప్పటికి తెలుగువారి మధ్య ఆ బాప్టిస్టు మిషను పని మొదలై ఏళ్లు గడిచినా ఫలం బహు కొద్ది. పని మూసివేద్దామనే మాట కూడా అమెరికాలో వినబడుతూ ఉండేది. ఒంగోలుకు ఒక సేవకుని పంపమని వారు అడిగారు. జవాబుగా క్లౌ దొరగారు ఇక్కడికి వచ్చేసరికి 1866. అంటే పన్నెండేళ్లు కనిపెట్టారు!

ఆ తరువాత 1876-78 నాటి గొప్ప కరువు వచ్చింది. క్లౌగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కంట్రాక్టు తీసుకొని బీదలకు పని కల్పించారు. కూటి కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపివేశారు. అక్కడ కూడా కనిపెట్టడమే. చివరకు 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఇవన్నీ తలచుకుంటూ ఉండగా మాకు సిగ్గు వేసింది. ఆ ఐదుగురు ముందు మోకరించి, తరువాత కనిపెట్టారు. మేమో, ముందే నిర్ణయించుకొని దేవుని సంతకం కోసం వచ్చాము. బాలుడైన సమూయేలు పిలుపు వినబడిన ప్రతిసారీ ఏలీ దగ్గరకు పరుగెత్తాడు. పడకలో నిలిచి ఆలకించినప్పుడే దేవుని మాట విన్నాడు.

ఆ ఉదయం ఏమీ అడగకుండా కూర్చున్నాము. ఆకాశం నుండి ఏ స్వరమూ రాలేదు. కాని ఒక సంగతి మనస్సుకు గట్టిగా తగిలింది. ఈ చదువు నీకు ఇష్టమేనా అని అబ్బాయిని మేము ఒక్కసారైనా అడగలేదు.

బయానా తీసుకోకుండానే తిరిగి వచ్చాము. మధ్యవర్తి నిష్ఠూరమాడాడు. ఆ రాత్రి కుటుంబ ప్రార్థన తరువాత అబ్బాయిని అడిగితే, చాలాసేపు తల వంచుకొని, “నాన్నా, నాకు మోటార్ల పని నేర్చుకోవాలని ఉంది. మీరు బాధపడతారని చెప్పలేదు” అన్నాడు.

పొలం నిలిచింది. పాత అప్పు కూడా అలాగే ఉంది. అయినా మా ఇంట్లో ఇప్పుడు వరుస మారింది.

ప్రియ చదువరులారా, మీ ఇంట్లో ఈవేళ ఏ బేరం, ఏ సంబంధం, ఏ ప్రయాణం ఆలోచనలో ఉన్నదో! మాట ఇవ్వకముందే మత్తయి 6:33 తీసి చదవండి. చదివాక వెంటనే లేవకుండా కాసేపు మౌనంగా ఆలకించండి.